సప్తమి నాటి సినిమా

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నాయినా, నా చిన్నప్పటిసంది ఒక్కటే చెప్తవు గదా, యుద్ధఖైదీల సినిమా అని. ఇగో, దొరికింది. కింద తెలుగుల మాటలు గూడ పడుతున్నయ్" అంది. నలభైసార్లు చూసినవాడికి ఉండవలసిన గాంభీర్యంతో కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. నిజానికి చూసింది నాలుగుసార్లే, మిగతా ముప్పై ఆరుసార్లు ఇతరులకు చెప్పడంలో చూశాను. పది నిమిషాలు గడిచేసరికి చెమటలు పట్టడం మొదలైంది. క్యాంపు అధికారి ఖైదీల ఎదుట నిలబడి "మీ నెత్తురు తాగుతా, ఎముకలు నంజుకుంటా" అని గర్జిస్తాడని నేను ముప్పై ఏళ్లుగా మేడ్చల్ మండలం మొత్తానికి చెబుతూ వచ్చిన ఘట్టం ఒకటుంది. అందులో ఆ మహానుభావుడు నిజానికి తన కిటికీ కుండీల్లోని ఉల్లినారుకు ఎవరైనా నీళ్లు పోశారా అని అడుగుతున్నాడు. "ఏంది నాయినా, నువ్వు చెప్పిన దాంట్ల సగం దీంట్ల లేనే లేదు" అంది మా అమ్మాయి. సగమే అన్నందుకు లోపల్లోపల సంతోషించాను.

గంట దాటాక మాత్రం ఒకచోట ల్యాప్‌టాప్ మూసేశాను. అక్కడ కింద పడే తెలుగు మాటలు నాకు అక్కరలేదు. ఆ గదిలో ఏం జరుగుతోందో నాకు మా పెదనాయిన చెప్పాడు.

తొంభైల మొదట్లో మేడ్చల్ బస్టాండు ఎదురుగా నాకొక వీడియో క్యాసెట్ల దుకాణం ఉండేది. రెండు గోడల నడుమ మిగిలిపోయిన సందుకు తలుపు బిగిస్తే అది దుకాణమైంది. గిరాకీ లోపలికి వస్తే నేను బయట నిలబడాలి, నేను లోపలికి పోతే గిరాకీ బయట నిలబడాలి. ఆ సందులోంచే ప్రపంచ సినిమాను మేడ్చల్, శామీర్‌పేట ప్రజానీకానికి పరిచయం చేయాలని కంకణం కట్టుకున్నాను. ప్రజానీకం కట్టుకోలేదు. సికింద్రాబాద్‌లో పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర అట్ట కూడా లేని ఈ క్యాసెట్ దొరికింది. నా ఇంగ్లీషు డిగ్రీ రెండో ఏడు దాకా నాతో వచ్చి అక్కడే దిగిపోయింది కాబట్టి మాటలు అర్థమైనంత మేరకు అర్థమయ్యాయి, కానివి నేను సమకూర్చుకున్నాను. అయినా ఆ పొద్దు దుకాణం షట్టర్ సగం దించి ఆ సినిమా చూసినవాణ్ణి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. నేను మాట్లాడలేకపోయానంటే అది వార్తే.

నలుపు తెలుపు సినిమా. మంచులో ఒక శిబిరం, అందులో ఒక చెక్క గది, గదిలో ఆరుగురు ఖైదీలు. యుద్ధం ఎక్కడో జరుగుతూ ఉంటుంది, మనకు ఒక్క తుపాకీ కూడా పేలినట్టు వినపడదు. వినపడేదంతా మంచులో బూట్ల చప్పుడు, దగ్గు, గిన్నెలో చెంచా గీరుకునే చప్పుడు. తీసినవాడికి ఎంత ధైర్యం ఉండాలో చూడండి, పారిపోవడానికి ఒక్కడంటే ఒక్కడు సొరంగం తవ్వడు, ఒక్కడు ఉపన్యాసం ఇవ్వడు. తలల లెక్కన తూచి రోజుకొక రొట్టె ఇస్తారు, దాన్ని ఆరు ముక్కలు చేయాలి. సన్నగా, పొడుగ్గా ఉండే ఒకడు దారప్పోగుతో ఆ రొట్టెను కోస్తుంటే కెమెరా అతని చేతుల్ని చూడదు, చుట్టూ ఉన్న ఐదుగురి కళ్లను చూస్తుంది. ఆ కళ్లలో ఉన్నంత యుద్ధం నేను వెయ్యి ఫిరంగుల సినిమాల్లో చూడలేదు. కోసినవాడు చివరి ముక్క తీసుకుంటాడు. అది చూడగానే మా పెదనాయిన గుర్తుకొచ్చాడు.

మా నాయిన అన్న ఆయన. శామీర్‌పేట పక్కనే మా ఊరు. ఆయన ఎత్తు ఏడడుగులని నేను చెప్పేవాణ్ణి, పెద్దమ్మ ఆరు అనేది, ద్వారబంధాలు నా పక్షాన సాక్ష్యం చెప్పేవి. పడుచుతనంలో దేవరయాంజాల్‌కు చెందిన ఒక స్నేహితుడితో కలిసి బొల్లారం పోయి పట్టాళంలో చేరాడు. ఇద్దరూ చైనా లడాయికి పోయారు, ఇద్దరూ పట్టుబడ్డారు, ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ ఖైదు గురించి ఆయన నోట ఒక్క మాట విన్నవాడు మా ఊళ్లో లేడు. ఊళ్లో ఆయనకున్న పేరంతా వేరే పనికి. దసరాకు పది ఇళ్లవాళ్లు కలిసి యాటను కోస్తే పోగులు వేయాలి కదా, ఆ పోగులు వేయడానికి ఆయనే రావాలి. తాటాకు చాప మీద పది కుప్పలు. బొక్కలు, కార్జం, కొవ్వు అన్నీ కుప్పకింత. ఆయన వేశాక తక్కెడ తెచ్చి తూచిన అనుమానపు మనుషులు సిగ్గుపడి తక్కెడను బావిలో పారేశారని నేను చెబుతుంటాను. బావి అబద్ధం, సిగ్గు నిజం. అందరూ ఎత్తుకున్నాక మిగిలిన కుప్పే ఆయనది. మా ఇంట్లో పుచ్చకాయను కూడా దారంతోనే కోసేవాడు. అదేం అలవాటని ఎవరమూ అడగలేదు.

ఇంకో అలవాటు ఉండేది. ఏడాదికి ఒక్కరోజు, పుష్యమాసం చీకటిపక్షంలో సప్తమినాడు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. సప్తమి కాబట్టి సూర్యభగవానుడి మొక్కు అనుకుంది పెద్దమ్మ. మూడు రోజుల తర్వాత దశమినాడు దేవరయాంజాల్‌లో ఆ స్నేహితుడి సంవత్సరీకం. మా వైపు చాలామంది పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, బియ్యమిచ్చి పెద్దలందరికీ ఒక్కసారే సరిపెడతారు. ఆ స్నేహితుడి భార్య మాత్రం అలా కాదు. సర్కారు కాగితం మీద వచ్చిన తేదీని పంచాంగంలో చూపించి, తిథి రాయించుకుని, ఏటా దశమినాడు వండి, కాకిపిట్టకు పెట్టి, నలుగురికి భోజనం పెట్టేది. ఆమె పెదనాయినకు రాఖీ కట్టేది, మేం అత్త అని పిలిచేవాళ్లం. పిల్లల్లేరు, రెండెకరాల్లో కూరగాయలు పండించుకుని బతికింది. దశమి భోజనానికి పెదనాయిన తప్పక వెళ్లేవాడు, వెళ్లి "కడుపుల మంచిగ లేదు చెల్లె" అని విస్తరి ముందు నుంచి లేచి వచ్చేవాడు. అన్నేళ్లూ అదే రోజు కడుపు చెడ్డ మనిషి మా ఇంట్లో ఉన్నా మాకు వింతగా తోచలేదు. మనుషులకు వింత అనిపించాలంటే కొత్తగా జరగాలి.

ఆ ఏడు గణతంత్ర దినానికి ఊరి యువజన సంఘం పెదనాయినకు సన్మానం పెట్టింది. సంఘానికి ఆ ఆలోచన చెప్పినవాణ్ణి నేనే. జెండా ఎగరేయడం, శాలువా కప్పడం, తర్వాత పంచాయతీ గదిలో యుద్ధఖైదీల సినిమా, దానికి నా తెలుగు వ్యాఖ్యానం. ఆయన మీద గౌరవం ఉండేది, అబద్ధం కాదు. కానీ మైకు చేతికొస్తుందన్న ఆశ దానికంటే రెండు కిలోలు ఎక్కువే తూగింది. ఆ ఏడు సప్తమి సరిగ్గా ఆ రోజే పడింది, నేను పంచాంగం చూసుకోలేదు. పెదనాయిన వద్దన్నాడు. "ఇయ్యాల నాకు ఉపాసంరా, నన్ను ఇడిసిపెట్టు" అన్నాడు. "సినిమా జూసుడే గదా పెదనాయినా, తినుడు కాదు గదా" అన్నాను. ఈ మాట నేను అనకుండా ఉండాల్సింది.

కిటికీలకు గోనెసంచులు కట్టి గది చీకటి చేశాం. నూటపాతిక మంది ఉంటారు, అప్పట్లో వెయ్యి అని చెప్పాను. టీవీ పక్కన స్టూలు మీద నేను, ఎదురుగా ముందు వరుస కుర్చీలో మెడలో శాలువాతో పెదనాయిన. సినిమా మొదలైంది, నేనూ మొదలయ్యాను. అధికారి నోరు తెరిస్తే సింహగర్జన, ఖైదీ నోరు తెరిస్తే దేశభక్తి. ఎవరూ మాట్లాడని చోట్ల నాకు ఇంకా వీలుగా ఉండేది. "లడాయెప్పుడొస్తదిరా?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు. "వస్తాంది, వస్తాంది, జర సబర్ జెయ్యి" అని ఊరించాను. "గంటసంది రొట్టెనే కోస్తాండ్రు గదరా, వంటల సినిమానా ఏంది?" అన్నాడాయన. గది గొల్లుమంది. పెదనాయిన నవ్వలేదు. రొట్టె వచ్చినప్పుడల్లా కుర్చీలో కొంచెం ముందుకు వంగుతున్నాడు.

అప్పుడు ఆ ఘట్టం వచ్చింది. పొద్దున్నే పహరావాడు గదిలోకి వచ్చి హాజరు తీసుకుంటాడు. జబ్బుచేసినవాళ్లకు లేచి నిలబడే పని లేదు, పడుకునే చెయ్యెత్తొచ్చు. కింది పడకలో ఇద్దరు ఒకే కంబళి కప్పుకుని ఉంటారు. ఒకడి పేరు పిలిస్తే చెయ్యి లేస్తుంది. రెండోవాడి పేరు పిలిస్తే ఒక క్షణం ఆగి, నెమ్మదిగా, వంకరగా ఒక చెయ్యి లేస్తుంది, పడిపోతుంది. పహరావాడు రాసుకుని వెళ్లిపోతాడు. గదిలో ఎవరూ కదలరు. కెమెరా చాలాసేపు అలాగే ఉంటుంది. నేను అప్పటికి మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నాకు తోచింది ఒక్కటే. గొంతు తడిచేసుకుని మైకులో చెప్పాను: "పాపం, జ్వరమొచ్చింది. నిద్రమత్తుల చెయ్యి లేపిండు. దోస్తులందరు కావలి గాస్తున్నరు."

"నిద్ర కాదురా" అన్నాడు పెదనాయిన.

మెల్లగానే అన్నాడు, కానీ ఆ గదిలో అంతవరకు అలాంటి గొంతు లేదు. నేను మైకు దించేశాను.

"సచ్చిండు వాడు. పక్కనున్నోడు లేపిండు చెయ్యి. కంబట్ల నుంచి మోచెయ్యి కింద పట్టి లేపాలె. మణికట్టు పట్టుకుంటే వేళ్లు ఏలాడ్తయ్, తెలిసిపోతది." తెర మీదనుంచి కళ్లు తిప్పకుండానే చెప్పాడు. "మొదటి దినం ఎట్లనన్న లేస్తది. రెండో దినం కట్టె లెక్క అయితది, గప్పుడు మస్తు కష్టం. సలికి వాసన రాదు."

వెనక ఎవరో "ఎందుకు కాక, సచ్చినోన్ని ఎందుకు దాసుడు?" అని అడిగారు. "రొట్టెకు" అన్నాడు పెదనాయిన. సినిమాలో సరిగ్గా అప్పుడే పొడుగుమనిషి రొట్టెను దారంతో ఆరు ముక్కలు చేసి, ఆరో ముక్కను మళ్లీ చిన్నవి ఐదు చేస్తున్నాడు. నాలుగోసారి నాకు సినిమా అర్థమైంది.

ఆయన మిగతా సినిమా అంతా చూశాడు. నేను ఇక ఒక్క మాట మాట్లాడలేదు, మాటలు అర్థంకాని జనం కూడా కదలకుండా చూశారు. అయిపోయాక గోనెసంచులు తీస్తుంటే లేచి నిలబడి, "రొట్టె పెద్దగ జూపిండు గని, తీసినోనికి ఎరుకేరా" అన్నాడు. ఆ సినిమాకు నేను చదివిన పొగడ్తలన్నింటిలో అదే గొప్పది. శాలువా తీసి మడిచి కుర్చీలో పెట్టాడు. "బండి తియ్యి. దేవరయాంజాల్ పోవాలె. జల్దీ. ఇయ్యాలనే పోవాలె" అన్నాడు.

తూంకుంట దాకా వచ్చాం. అక్కడ స్కూటరు ఆపమన్నాడు, రోడ్డు పక్కన మోరీ గోడ మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. వాళ్లకు వచ్చేవి ఆవిరికి ఉడికిన మొద్దు రొట్టెలు, మనిషికొకటి. పంచేవాడు ఈయన. స్నేహితుడు సప్తమినాడు తెల్లవారకముందు ఈయన పక్కనే పోయాడు. గదిలో కాశీ వైపు పంతులు ఒకాయన ఉండేవాడట, చందమామను చూసి రోజూ తిథి చెప్పేవాడు, అందుకే సప్తమి అని తెలుసు. మూడు రోజులు దాచారు, మూడు రొట్టెలు వచ్చాయి. నాలుగోరోజు చచ్చిపోయాడని చెప్పారు. దశమి అని కాగితం మీదికెక్కింది. "చెల్లె తప్పుదినం పెడుతాంది. దినం చెప్తే రొట్టె చెప్పాలె. గందుకే చెప్పలే" అన్నాడు.

నాకు నా బుద్ధి ఎక్కడికి పోతుంది. "పెదనాయినా, సచ్చే ముంగట 'నా పాలు మీరే తినుండ్రి' అని ఆయనే అన్నడని చెప్పరాదా? అత్తకు గూడ మనసు నిమ్మళమైతది" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "నువ్వు సినిమాల చెప్పినట్టా?" అన్నాడు. లేచి బండెక్కాడు.

అత్త ఇంటి ముందు వంకాయలు ఏరి గంపకెత్తుతోంది. "ఏందన్నా, మూడొద్దుల ముంగటనే వచ్చినవు? దినం మర్సిపోయినవా?" అని నవ్వింది. ఆయన గడప ఎక్కలేదు. వాకిట్లో నేల మీద కూర్చుని, తల వంచుకుని, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. అలా చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది.

"ఆయన తినుమన్నడా?" అని అడిగింది.

"లేదు చెల్లె. రెండొద్దుల ముంగటనే మాట పడిపోయింది."

"మూడొద్దులు నీ పక్కనే ఉన్నడా?"

"నా పక్కనే. ఒక్క కంబట్లనే."

ఆమె వంకాయను గంపలో పెట్టింది. "మరి ఇన్నేండ్లు దశమినాడు నేను పెట్టిన బువ్వ ఎవలు తిన్నరన్నా?" అంది. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. తనే మళ్లీ అంది. "పిట్ట వచ్చి ముట్టుతుండె. ఆయనే వచ్చిండని నేను అనుకుంటుంటి. ఆయనకు ఆకలై సప్తమినాడు వచ్చి, పొయ్యి సల్లగుంటే జూసి మర్లిపోయిండో ఏమో. ఏటేట." ఆగింది. "రొట్టె తిన్నందుకు నిన్ను నేనేమన. ఆడ నేనుంటే నేనూ తిందునేమో. దినం దాసినవు సూడు, గది తప్పు. గది నాది. నువ్వెట్ల పెట్టుకుంటవు నీ దగ్గర?"

పెదనాయిన ఏడుస్తున్నాడని నాకు భుజాలు చూస్తే తెలిసింది. ఆమె ఓదార్చలేదు. ఎండ వైపు చూసి, "సప్తమి ఇంక ఉన్నట్టే గదా?" అని నన్ను అడిగింది. ఉందన్నాను, ఈసారి పంచాంగం చూడకుండా కాదు, పక్కింటికి పరుగెత్తి చూసొచ్చి. తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టతో పొయ్యి అంటించింది. అన్నం, పప్పు, ఆ వంకాయల కూర. ఊళ్లో ఎవరినీ పిలవలేదు. మొదటి ముద్దలు గోడమీద పెట్టి దూరంగా నిలబడింది. పిట్ట వెంటనే రాలేదు. ఆ నిలబడ్డ సేపు ఎంతో నేను చెప్పను, చెబితే పెంచుతాను. వచ్చింది.

తర్వాత ఆమె విస్తరి వేసి, నిండుగా వడ్డించి, "కూసో" అంది పెదనాయినతో. ఆయన అలవాటుగా కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. "కడుపుల మంచిగ లేదనకు. ఆయన పాలు అప్పుడు దాసుకొని తిన్నవు. ఇప్పుడు నేను పెడుతున్న, నా ముంగట తిను." ఆయన తిన్నాడు. ఒక్కొక్క మెతుకు. తింటున్నంతసేపూ ఆమె ఎదురుగా నిలబడే ఉంది. విస్తరి తుడిచినట్టయ్యాక, "మల్ల ఏడు గూడ రా. సప్తమికి" అని లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. తిరుగుదారిలో తూంకుంట దాటాక పెదనాయిన స్కూటరు ఆపించి, తిన్నదంతా కక్కుకున్నాడు. నేను వీపు నిమిరాను. ఆయన నోరు కడుక్కుని, "చెల్లెకు చెప్పకు" అన్నాడు.

ఆ తర్వాత రాఖీ పున్నానికి అత్త రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు. అన్నా అని కూడా పిలవలేదని గుర్తు. కానీ ప్రతి ఏడూ సప్తమినాడు విస్తరి వేసింది, ఆయన పోయి తిన్నాడు, తిన్నది కక్కకుండా ఇంటిదాకా నిలుపుకోవడం కూడా నాలుగో ఏటికి నేర్చుకున్నాడు. మా వైపు పొలాలన్నీ ప్లాట్లయి, నా సందు మీద మూడంతస్తులు లేచి, క్యాసెట్లు ఎవరూ అడగని కాలం వచ్చినా ఆ భోజనం ఆగలేదు. రెండువేల ఆరులోనో ఏడులోనో పెదనాయిన పోయాడు. కబురు తెలిసి అత్త వచ్చింది, గుమ్మం దగ్గర నిలబడి, ఏడవకుండా, నన్ను పక్కకు పిలిచింది. "తిథేందో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకో బిడ్డా. ఎవలు చెప్పినా ఇనకు, నువ్వే సూడు" అంది. రాసుకున్నాను. నా జన్మలో ఒక్క అక్షరం పెంచకుండా రాసింది అదొక్కటే.

ఆమె కూడా ఇప్పుడు లేదు. కాలం ముందుకే పోతుందని పెద్దలంతా అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ దేవరయాంజాల్‌లో ఒక ఇంట్లో, ఒక మధ్యాహ్నం పూట, అది మూడు రోజులు వెనక్కి నడిచి రావడం నేను నా కళ్లతో చూశాను.